లైటక్క వాంగ్మూలం

లైటు ఆపింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. అసలు సంగతి కడుపులో పెట్టుకుని, ఊరించి ఊరించి చివర్లో బయటపెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నేనే ఏడు నెలలు ఈ సంగతిని కడుపులో పెట్టుకుని తిరిగాను. పోలీసులకి అబద్ధం చెప్పాను, మరదలికి చెప్పాను, నా తమ్ముడి ఫోటో ముందు నిలబడి వాడికీ చెప్పాను.

మాది రోడ్డు మీద గీతలు గీసే పని. మీరు బండి నడుపుతూ చూసే తెల్లగీతలు వాటంతటవే మొలవవు. రంగు పొడి బస్తాలకి బస్తాలు పెద్ద గిన్నెలో మరిగించాలి. అది చిక్కటి జావలా అయ్యాక తోపుడు మిషన్లో పోసి, ఒక మనిషి దాన్ని నెట్టుకుంటూ నడిస్తే కింద గీత పడుతుంది. వాడి వెనకే ఇంకొకడు సన్నటి గాజుపూసలు చల్లుతాడు. హెడ్‌లైట్ల వెలుగు పడితే గీత మెరిసేది వాటి వల్లే. గీత గట్టిపడేదాకా టైర్లు ఎక్కకుండా కోన్లు పెడతారు. వీళ్ళందరికీ వెనక, వచ్చే బండ్లకి అడ్డంగా, నడిచే మనిషి వేగంతో ఒక లారీ వస్తుంటుంది. దాని నెత్తి మీద పసుపు లైటు గిర్రున తిరుగుతుంటుంది. ఆ లారీ పదకొండేళ్ళుగా నేనే నడిపాను. అందుకే అందరికీ నేను లైటక్కని. నా అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

మా జట్టులో లారీ మీద నేను కాక ఆరుగురు. పెద్ద మేస్త్రి. రంగు మరిగించే ముసలాయన్ని వంటాయన అనేవాళ్ళం. ఈయన వండింది తిన్నవాడు రెండోసారి ఆకలని అడగడని మేస్త్రి ఏడిపించేవాడు. పూసలు చల్లేవాడొకడు, కోన్లు పెట్టేవాళ్ళిద్దరు. మిషన్ నెట్టేవాడు నా తమ్ముడు. తాడు కట్టకుండా, సున్నం గుర్తు పెట్టకుండా మైళ్ళకి మైళ్ళు సూటిగా లాగేవాడు కాబట్టి వాడికి సూటిగాడని పేరు. నా మరదలు మాత్రం ఒప్పుకునేది కాదు. "రోడ్డంతా సూటిగా గీస్తాడట, చొక్కా గుండీలు మాత్రం ఒక్కరోజూ సరిగ్గా పెట్టుకోడు," అని అందరి ముందూ పరువు తీసేది.

నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు. అమ్మ పోయేటప్పటికి వాడికి ఏడు, నాకు పదహారు. స్నానం చేయించింది నేను, బడికి పంపింది నేను, ఎగ్గొట్టినందుకు వీపు చీరేసింది నేను. పెళ్ళి చేసింది కూడా నేనే. నేను పెళ్ళి చేసుకోలేదు, దానికి కారణాలు వేరే ఉన్నాయి, అవి మీకు అనవసరం. వాడిని ఈ పనిలోకి తీసుకొచ్చింది కూడా నేనే. అప్పుడు మేస్త్రితో ఏమన్నానో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "వాడు నా కళ్ళ ముందుంటే నాకు ధైర్యం," అన్నాను.

ఇక చట్టం సంగతి. మూడేళ్ళ కింద రోడ్డు పక్కన గడ్డి కోస్తున్న ఇద్దర్ని ఒక బండి కొట్టేసి పోయింది. అప్పుడు గడ్డి కోసేవాళ్ళు, చెడిపోయిన బండ్లు లాక్కెళ్ళేవాళ్ళు, స్తంభాల మీద దీపాలు మార్చేవాళ్ళు, చెత్త ఎత్తేవాళ్ళు, మేము, అందరం కలిసి వారం రోజులు పని మానేసి వీధుల్లో నడిచాం. చివరికి చట్టం వచ్చింది. పసుపు లైటు తిరుగుతున్న బండి కనపడితే, దాని పక్క వరస ఖాళీ చేసి అవతలికి జరగాలి. జరిగే చోటు లేకపోతే వేగం సగానికి తగ్గించాలి. జరగకుండా వచ్చి మనిషి ప్రాణం తీస్తే జైలు. మేము దానికి 'జరగండి చట్టం' అని పేరు పెట్టుకున్నాం.

అమల్లోకి వచ్చిన మొదటి రోజు మా తమ్ముడి సంబరం చూడాలి. పని మధ్యలో నా లారీ తలుపు పట్టుకుని వేలాడుతూ జరిగిన బండ్లని లెక్కపెట్టాడు. "అక్కా, నూటికి ఎనభై జరుగుతున్నాయే!" అని ఎగిరాడు. "ఇంట్లో పెళ్ళాం జరగమంటే జరగని మొగుళ్ళు కూడా నీ లైటుకి జరుగుతున్నారు చూడు!" అన్నాడు. "ముందు నువ్వు నా తలుపు వదిలి జరుగు," అని కసిరాను. ఆ రోజు అందరం భలే నవ్వుకున్నాం.

ఆ చట్టంతో పాటు మాకూ ఒక నియమం వచ్చింది. ఆఖరి మనిషి, ఆఖరి కోను లారీ ఎక్కేదాకా లైటు ఆపకూడదు. చదివాం, కింద సంతకాలు పెట్టాం. కానీ ఒక్కరోజూ పాటించలేదు. మా అలవాటు మాకుంది మరి. రంగు మరిగే పొయ్యి హోరులో, పక్కన పోయే బండ్ల రొదలో అరిస్తే ఎవరికీ వినపడదు. ఆఫీసు వాళ్ళు ఒకప్పుడు మాట్లాడుకునే సెట్లు ఇచ్చారు, అవి పాడయ్యాక మళ్ళీ ఇవ్వలేదు. కాబట్టి మా భాష లైటే. లైటు తిరుగుతోందంటే పని నడుస్తోంది. లైటు ఆగిందంటే చాలు, సర్దుకుని రండి అని. ప్రతి ఒక్కడూ మధ్యమధ్యలో తలెత్తి లారీ నెత్తి చూసేవాడు. ఆరగానే ఒకడు "ఆరిందిరోయ్!" అని కేకేసేవాడు, నిమిషంలో అంతా బండెక్కేవాళ్ళు. ఆ తర్వాత నేను లారీని మెల్లగా వెనక్కి నడిపితే, కోన్లవాడు వెనక వేలాడుతూ లారీ వెనక మిగిలిన కోన్లు ఏరేవాడు. లైటు లేకుండా! ఇప్పుడు చెప్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం అది మా తెలివితేటలు అనుకునేవాళ్ళం.

రెండేళ్ళుగా నాకు మెడ పట్టేస్తోంది. వెనక్కి తిరిగి చూస్తూ బండి నడపాలంటే ప్రాణం పోయేది. అది చూసి మా తమ్ముడు, "నువ్వు వెనక్కి తిప్పకక్కా, ఆ కోన్లు నేను నడిచెళ్ళి తెస్తాలే," అన్నాడు. అప్పట్నుంచీ తన పని అయిపోగానే, లారీ పక్కనుంచి నడుచుకుంటూ వెనక్కి పోయి కోన్లు ఏరుకొచ్చేవాడు. పోతూ పోతూ నా తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు, వెళ్తున్నానని నాకు తెలియడానికి.

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. మబ్బు పట్టింది. మా పనికి వాన శత్రువు. తడి రోడ్డు మీద వేడి రంగు పడితే బుడగలు లేచి పొట్టు పొట్టుగా ఊడిపోతుంది. అందుకని తొలి చినుకు పడితే చాలు, అందర్నీ పిలిచెయ్యడం నా బాధ్యత. అద్దం మీద నాలుగైదు చినుకులు పడ్డాయి. లైటు ఆపేశాను.

ముందర అందరూ పరిగెత్తారు. మిషన్ని లారీ పక్క తలుపుకి ఆనించిన పలక మీదుగా లోపలికి లాగుతున్నారు. నారింజ చొక్కాలు అటూ ఇటూ కదులుతున్నాయి. నేను లెక్కపెట్టలేదు. మిషన్ అక్కడుంటే మా వాడు దాని వెనకే ఉంటాడనుకున్నాను. వాడు నా తలుపు కొట్టాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కొట్టే ఉంటాడు. మబ్బు చూసినప్పట్నుంచీ, వంటాయన పొయ్యి ఆర్పమంటే ఆర్పడం లేదని నేను కిటికీలోంచి ఆయన మీద అరుస్తూనే ఉన్నాను. వాడు మబ్బు చూసి నాకంటే ముందే వెనక్కి వెళ్ళాడు. వాడు వెళ్ళేటప్పుడు లైటు తిరుగుతూనే ఉంది.

వెనక నుంచి చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. నా చెయ్యి మీట దగ్గరికి వెళ్ళి లైటు మళ్ళీ వేసింది. ఆ తర్వాతే నేను కిందికి దిగాను.

చిన్న వ్యాను ఒకటి పక్కకి తిరిగి ఆగి ఉంది. దాని ముందు రోడ్డు మీద కోన్లు చెల్లాచెదురుగా పడున్నాయి. ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని, నా తమ్ముడి తలని ఒళ్ళో పెట్టుకుని, తన పైబట్ట తీసి వాడి చెవి దగ్గర అదిమి పట్టుకుంది. "అయ్యో నాయనా, అయ్యో నాయనా," అంటోంది. ఆ మాటలు నేను అనాల్సినవి. నేను చేరేసరికే వాడు లేడు. గుండీలు వంకరగా పెట్టుకున్న చొక్కా వాన చినుకులకి తడుస్తోంది.

పోలీసాయన వచ్చాడు, కుర్రవాడు, మర్యాదస్తుడు. "అమ్మా, ఒక్క ముక్క చెప్పండి. అప్పుడు లైటు వెలుగుతోందా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మేస్త్రి అందుకున్నాడు. "వెలక్కపోవడమేంటి సార్! అదిగో తిరుగుతోందిగా. మా లైటక్క పదకొండేళ్ళలో ఒక్కసారి ఆపిందేమో అడగండి."

ఆయన తల తిప్పి లారీ నెత్తి చూశాడు. లైటు తిరుగుతూనే ఉంది. వ్యాను నడిపినావిడ గబుక్కున లేచి, "వెలగలేదు బాబూ. వెలిగుంటే జరిగేదాన్ని. ఆగున్న లారీ అనుకున్నాను. నా పిల్లల మీద ఒట్టు, వెలగలేదు," అంది.

"మీరు చెప్పండమ్మా," అన్నాడు ఆయన నాతో.

"వెలుగుతోంది," అన్నాను.

ఒక్క మాట. ఆ తర్వాత కోన్లవాళ్ళు అదే చెప్పారు, పూసలవాడు అదే చెప్పాడు, వంటాయన నేల చూస్తూ అదే చెప్పాడు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. కొంత నా మీద జాలి, కొంత అందరి అలవాటూ బయటపడుతుందని భయం. ఆవిడ మా ఆరుగురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నన్ను వదల్లేదు.

ఆ తర్వాత నేను మరదలి ఇంట్లోనే ఉండిపోయాను. రెండు గదుల ఇల్లు. ఆరేళ్ళ మేనకోడలు, చిట్టి అంటాం, నా పక్కలో పడుకునేది. మరదలు ఒక హోటల్ బట్టలు ఇస్త్రీ చేసే చోట పని చేస్తుంది. మొదటి నెల తను పనికి పోలేదు, తిండి తినలేదు. నేను కలిపి నోట్లో పెడితే నాలుగు ముద్దలు మింగేది. ఒక రోజు ఉన్నట్టుండి, "వదినా, ఆవిడకి ఎన్నేళ్ళు పడుతుంది?" అని అడిగింది.

"ఎవరికే?"

"ఆ వ్యాను దానికి. ఏడేళ్ళు పడుతుందంటగా. మా పక్కింటాయన చెప్పాడు."

ఏడేళ్ళన్న మాట అన్నాక ఆ రోజు తనంతట తను కంచం ముందు కూర్చుంది. అప్పట్నుంచీ అదే ధ్యాస. కళ్ళు నెత్తికెక్కాయి కనపడలేదు దానికి అనేది, దాని చేతులు పడిపోను అనేది. తిట్టేకొద్దీ మరదలికి ఓపిక వచ్చేది. లేచి పనికి పోయింది, పిల్లకి జడ వేసింది. నేను పక్కన కూర్చుని ఊఁ కొట్టేదాన్ని. నన్ను నేను తిట్టించుకుంటూ ఊఁ కొట్టడం ఎలా ఉంటుందో నా పగవాళ్ళకి కూడా వద్దు. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్ని వదినా," అని నా ఒళ్ళో తల పెట్టుకునేది. నేను ఆ తల నిమిరేదాన్ని. అదే చేత్తో.

విచారణకి పది రోజుల ముందు, కాగితాల మీద సంతకాలకి రమ్మంటే కోర్టు ఆఫీసుకి వెళ్ళాను. నడవాలో ఒక పొడుగాటి బల్ల, దాని చివర వ్యాను ఆవిడ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను వెనక్కి తిరిగిపోదామనుకున్నాను, పోలేదు. బల్ల రెండో చివర కూర్చున్నాను.

తనే మాట్లాడింది. కుట్టుమిషన్లు బాగుచేస్తుందట. ఇల్లిల్లూ తిరిగి, దుకాణాలు తిరిగి చేసే పని. లైసెన్సు తీసేసుకున్నారు కాబట్టి ఇప్పుడు పనిముట్ల సంచీ మోసుకుంటూ బస్సుల్లో తిరుగుతోంది. వేళ్ళ సందుల్లో మిషన్ నూనె నల్లగా దిగి ఉంది. ఇదంతా నన్నేదో అడగడానికన్నట్టు కాదు, ఊరికే చెప్పింది.

"అమ్మా, మీతో ఒక మాట చెప్పుకోవాలి. మీరు తిట్టినా పడతాను," అంది. "నేను కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. రెండు చోట్ల. బాగానే ఉన్నాయన్నారు. తల కూడా ఫోటో తీయించుకున్నాను. అదీ బాగానే ఉందన్నారు."

నేను కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చున్నాను.

"నాకు మాత్రం లైటు వెలగనట్టే గుర్తుంది. కళ్ళు మూసుకుంటే అలాగే కనపడుతుంది. కానీ మీరు ఆరుగురు చెప్తున్నారు. ఆయన మీ తోడబుట్టినవాడు, మీరు అబద్ధం ఎందుకు చెప్తారు? నాకే ఏదో అయిందమ్మా. కళ్ళ ముందున్నది కనపడకుండా పోయింది. ఒప్పేసుకుంటానని లాయరుకి చెప్పాను. ఇంక నేను బండి ముట్టుకోను. మా మనవరాలిని కూడా ఎత్తుకోవట్లేదు, ఎక్కడ పడేస్తానోనని భయం."

ఆవిడ ఏడవడం లేదు. అంత మామూలుగా చెప్తోంది. నా తమ్ముడిని చంపింది చాలక, ఈవిడకి తన కళ్ళ మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. "మీ కళ్ళు బాగానే ఉన్నాయి," అని గొంతు దాకా వచ్చింది. లోపలినుంచి నన్ను పిలిచారు. లేచి వెళ్ళిపోయాను. సంతకం రెండుసార్లు తప్పు చోట పెడితే అక్కడి గుమాస్తా, పాపం, మంచినీళ్ళు తెప్పించాడు.

ముందు మరదలికి చెప్పాలనుకున్నాను. కోర్టులో నలుగురి మధ్య వినకూడదు అది. ఆదివారం పొద్దున చిట్టి పక్కింట్లో ఆడుకుంటోంది. మరదలు వంటింట్లో పిల్ల బడి బట్టలు ఉతుకుతోంది. నేను గడప మీద కూర్చున్నాను.

"ఏమే, నీతో మాట్లాడాలి. చెయ్యి ఆపు."

"చెప్పు వదినా, వినపడుతుంది."

"ఆ రోజు లైటు వెలగలేదు. నేనే ఆపాను. వాడు వెనకున్నాడని నాకు తెలియదు. చప్పుడు విన్నాక మళ్ళీ వేశాను."

చెయ్యి ఆగింది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. లేచి కుళాయి కట్టేసింది. చేతిలోని చొక్కా పిండి పక్కన పెట్టింది. మీద పడి కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. తను వచ్చి నా ముందు నేల మీద కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పకు," అంది.

"ఏంటే?"

"అక్కడ చెప్పకు వదినా. నాకు చెప్పావు కదా, అయిపోయింది. నేను విననట్టే ఉంటాను. వెలిగిందనే చెప్పు. నీకు దండం పెడతాను."

"ఆవిడ తప్పు లేదే. ఆవిడ తన కళ్ళే పోయాయనుకుంటోంది."

"ఆవిడ ఎవరు నాకు?" అని అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, పక్కింట్లో పిల్లకి వినపడుతుందేమోనని, పళ్ళ మధ్య నుంచి అంది. "నాకు అమ్మ లేదు, నాన్న లేడు. ఆయన పోయాడు. ఉన్నది నువ్వొక్కదానివి. ఆవిడని తిట్టుకుంటూ బతికేస్తాను. నువ్వు అక్కడ చెప్పావనుకో, అది నిజమైపోతుంది. అప్పుడు నిన్ను తిట్టుకోవాలి నేను. నిన్ను తిట్టుకుంటూ నీ చేతి తిండి ఎలా తినను? చిట్టికి ఏం చెప్పను? మీ అత్తే అని చెప్పనా?"

నేను దాన్ని దగ్గరికి తీసుకోబోయాను. తీసుకోనిచ్చింది. నా భుజం మీద వెక్కి వెక్కి ఏడ్చింది, వాడు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. "చెప్పనని మాటివ్వు," అని అడుగుతూనే ఉంది. నేను మాట ఇవ్వలేదు. ఇవ్వననీ చెప్పలేదు. పిల్ల వచ్చి, అమ్మ ఎందుకేడుస్తోందని అడిగితే, సబ్బు నురగ కళ్ళల్లో పడిందని చెప్పాను.

విచారణ దాకా తను నన్ను మరీ బాగా చూసుకుంది. అది ఇంకా నరకం. నా మెడకి వేడినీళ్ళ కాపడం పెట్టింది. నాకిష్టమని టీ రెండుసార్లు పెట్టింది. ఆ మాట మాత్రం ఎత్తలేదు. నేను ఆగిపోదామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఆవిడ ఒప్పుకుంటానంటోంది కదా, ఒప్పుకోనీ, ఏడేళ్ళు కాకపోతే మూడేళ్ళు వేస్తారు, నాకు నా మరదలు, నా పిల్ల మిగులుతారు అనుకునేదాన్ని. మళ్ళీ ఆ నడవా గుర్తొచ్చేది. మనవరాలిని ఎత్తుకోవట్లేదన్న మాట గుర్తొచ్చేది.

విచారణ రోజు పొద్దున పదింటికి పిలిచారు. చిన్న గది. పైన ఫ్యాను, గోడకి గడియారం. మేస్త్రి, వంటాయన, కోన్లవాళ్ళు, పూసలవాడు ఒక వరసలో కూర్చున్నారు, ఉతికిన చొక్కాలు వేసుకుని. మరదలు ముందు వరసలో నాకు ఎదురుగా ఉంది. వ్యాను ఆవిడ తల వంచుకుని నిలబడి ఉంది. మేజిస్ట్రేటు నడివయసు మనిషి, నిదానంగా మాట్లాడాడు. ఇలాంటి కేసులో అంతా ఒక్క విషయం మీదే ఉంటుందని, లైటు తిరుగుతుంటే జరగాల్సిన బాధ్యత బండివాళ్ళదని, అందుకే నన్ను స్వయంగా అడుగుతున్నానని చెప్పాడు.

"ఢీకొట్టిన సమయానికి లైటు వెలుగుతోందా?"

నేను మరదలి వైపు చూశాను. తను తల అడ్డంగా ఊపుతోంది. చిన్నగా, నాకు మాత్రమే తెలిసేలా.

"లేదండీ," అన్నాను. "నేను ఆపేశాను."

గదిలో గుసగుసలు లేచాయి. మేస్త్రి, "లైటక్కా!" అన్నాడు. ఆయన్ని కూర్చోమన్నారు. నేను మొత్తం చెప్పాను. చినుకులు, అలవాటు, లెక్కపెట్టకపోవడం, అన్నీ. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను.

"మరి పోలీసులు వచ్చేసరికి వెలుగుతోందే?"

"చప్పుడు విన్నాక వేశానండీ."

"ఎందుకు వేశారు?"

ఆ ప్రశ్న నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. "తెలీదండీ. వెనక ఎవరో పడ్డారు, ఇంకో బండి వచ్చి తొక్కకూడదని వేశానేమో. తప్పు దాచుకోవడానికి వేశానేమో. నా చెయ్యి వేసింది. అంతవరకే నాకు తెలుసు."

అప్పుడు వంటాయన కర్ర మీద ఆనుకుని లేచాడు. అడక్కుండానే, "అలవాటు అందరిదీ అయ్యా. ఆ పిల్లది ఒక్కదానిదే కాదు. మేమందరం అబద్ధమే చెప్పాం," అని కూర్చున్నాడు. నన్ను పిల్ల అనేవాడు ఈ లోకంలో ఆయనొక్కడే మిగిలాడు.

ఆవిడని వదిలేశారు. లైసెన్సు తిరిగి ఇమ్మన్నారు. నా మీద వేరే కేసు పెడతారట, పెట్టనీ. లారీ తాళాలు ఆ మధ్యాహ్నమే తీసేసుకున్నారు. నడవాలో ఆవిడ పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కృతజ్ఞత చెప్తుందేమోనని భయపడ్డాను. కృతజ్ఞత కాదు. "అయితే నాకు కనపడింది నిజమేనా?" అని అడిగింది. "నిజమే," అన్నాను. గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేను ఆవిడ కాళ్ళ మీద పడాల్సింది, కానీ మరదలు బయటికి వెళ్ళిపోతోంది, దాని వెనక పరిగెత్తాను.

బస్సు ఆగే చోట బల్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చోవడానికి ధైర్యం చాల్లేదు, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఎండ బాగా ఉంది. ఎదురుగా రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. ఏదో ఒకటి అనవే, తిట్టవే అని బతిమాలాను. నీ చెప్పు తీసి కొట్టినా పడతానన్నాను.

నా వైపు చూడకుండానే మాట్లాడింది. కోపం లేదు ఆ గొంతులో.

"మీ తమ్ముడు ఇంటి ముందు సందు దాటాలన్నా పదిసార్లు అటూ ఇటూ చూసేవాడు. చిట్టి చెయ్యి గట్టిగా పట్టుకుని, చూశావా, ఈ పక్క చూశావా, ఆ పక్క చూశావా అని విసిగించేవాడు. పనిలో కూడా ఇలాగే చూసుకుంటావా అని ఒకసారి అడిగాను. పనిలో చూడను అన్నాడు. ఎందుకు చూడవయ్యా, అక్కడే కదా ఎక్కువ చూడాలి అన్నాను."

ఆగింది. చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"అక్కడ అక్క ఉంటుంది కదే, అన్నాడు."

నేను కమ్మీ వదిలేసి నేల మీద కూలబడ్డాను. అక్కడ నిలబడ్డ నలుగురూ చూస్తున్నా గొంతెత్తి ఏడ్చాను. తను లేపలేదు. బస్సు వచ్చింది. తను ఎక్కి కూర్చుంది. నేను ఎక్కలేదు.